బొటనవేలి దారం

పంజగుట్టలో, రాళ్లగుట్టల అంచున నాకు రెండు గదుల పెంకుటిల్లు ఉంది. ముందుగదిలో ఒక బల్ల, దాని వెనుక ఒక కుర్చీ, గోడకు ఒక గడియారం ఉన్నాయి. సాయంత్రం దీపం వెలిగించిన తరువాత కొంతసేపు ఆ బల్ల ముందు కూర్చోవడం నా అలవాటు. ఆ వేళకు ఎవరైనా వస్తే వాకిట్లోనే మాట్లాడి పంపివేస్తాను. కారణం అడిగినవారికి, చీకటిపడితే నాకు చూపు ఆనదని చెబుతాను. నిజానికి నా చూపుకు ఏ లోపమూ లేదు.

దయ్యాలను గురించి ముచ్చటించడం నాకు మొదటినుంచీ రుచించదు. మిషనువారి అనాథాలయంలో పెరిగినదానను. పెద్ద కరవునాడు రైలుస్టేషను చెట్ల కింద దొరికిన పసికందునట. అంతకు మించి నన్ను గురించి చెప్పవలసినది లేదు. వారు నాకు చదువు చెప్పించారు. నేను ఇతరులకు చెప్పాను. పిల్లలు నన్ను జీవమణి పంతులమ్మ అని పిలిచేవారు.

యుద్ధం మొదలైన మరుసటి సంవత్సరం నేను అమీర్‌పేటలో ఒక చిన్న బాలికల పాఠశాలలో పనిచేస్తున్నాను. చంద్రావతి అక్కడి విద్యార్థిని. ఆమె తండ్రి రాజమల్లు సిరిసిల్ల నేతగాడు. మగ్గం విడిచి పట్నం చేరి, బజారు వెనుక సందులో కుట్టుమిషన్లు పెట్టి, సిపాయిల ఖాకీ దుస్తులు కుట్టించేవాడు. ఆ పిల్ల ఏనాడూ ఏడ్చి ఎరగదని, మారాం చేసి ఎరగదని ఇంటివారు గొప్పగా చెప్పేవారు. అటువంటి పొగడ్త వింటే నాకు ఎందుకో మనస్సు కుదుటపడేది కాదు.

పద్నాలుగో ఏట ఆమె పెద్దమనిషి అయింది. ఆచారం ప్రకారం గదిలో ఒక మూల, చాప మీద కూర్చోబెట్టారు. దినాలు తీరి, తలంటి, కొత్త చీర కట్టి బయటికి తెచ్చారు. కాని బడికి తిరిగివచ్చిన చంద్రావతిని చూస్తే, ఆమె ఆ మూలనుంచి లేచి రాలేదనిపించింది. ఎవరి ముఖమూ చూసేది కాదు. అందరి కాళ్లు చూసేది.

ఒకనాడు కుట్టుపని తరగతి జరుగుతున్నది. లీలాకుమారి అనే పిల్ల గంట వినబడగానే లేచి, అడుగు వేయబోయి బోర్ల పడింది. చూస్తే ఆమె బొటనవేలికి దారం ముడివేసి ఉంది. ఆ దారం బల్లల కిందుగా సాగి చంద్రావతి మణికట్టుకు చేరింది.

"ఏందే, నన్ను మేకపిల్ల లెక్క కట్టేసినవ్?" అన్నది లీలాకుమారి మోకాళ్లు దులుపుకొంటూ. తరగతి అంతా నవ్వింది.

చంద్రావతి నవ్వలేదు. వంగి ఆ పిల్ల పాదాలనే చూస్తూ మెల్లగా అడిగింది.

"గీ కాళ్లు నీవేనా?"

నవ్వు ఆగిపోయింది.

ఆ సాయంత్రం ఆమెను నిలిపి మాట్లాడబోయాను. పుస్తకాలు సర్దుకొంటూ ఒక్క క్షణం తల దించి చూస్తే, ఆమె నా మేజా కింద, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకొని కూర్చుని ఉంది. ఎప్పుడు వెళ్లిందో నేను గమనించలేదు.

"పంతులమ్మా, ఈ కాళ్లు మీవేనా?"

"నావే, లేచి రా."

"మీరు పోయినంక సుత మీవేనా?"

ఆ తరువాత ఆమె బడికి రాలేదు. అన్నం మానుకొన్నదని, దుకాణంలో బట్ట కత్తిరించే బల్ల కిందనే పగలూ రాత్రీ గడుపుతున్నదని విని వారింటికి వెళ్లాను. రాజమల్లు మిషను ఆపి లేచి నిలబడ్డాడు. మనిషి చిక్కిపోయాడు.

"గాలి సోకింది పంతులమ్మా. పటాన్‌చెరు అవతల ఒకాయన ఉన్నడు. వాతలు పెడితే దిగుతదంటున్నరు. బల్కంపేట బోనాలు అయినంక, సోమారం తెల్లారంగనే బండి కట్టిస్తున్న."

"వాతలు ఎక్కడ పెడతాడు?"

అతడు తల తిప్పుకొన్నాడు. "అరికాళ్లకు."

ఆదివారం సాయంత్రం వరకు నాకు గడువు ఇవ్వమని అడిగాను.

"మీరేం జేస్తరు? మీ ప్రార్థన జేస్తరా?"

"మాట్లాడతాను."

"మాటలకే దయ్యం పోతే మా అక్క నోటికి ఈ గల్లీల ఒక్క దయ్యం సుత మిగలకపోవు."

లోపలినుంచి అతని అక్క పోశవ్వ గొంతు వినబడింది. "నా నోరు లేకుంటే నీకు బువ్వ ఎవరు పెడుతుండె రా? జెర పంతులమ్మ చెప్పేది ఇను."

చంద్రావతిని పెంచినది ఆ పోశవ్వే. సంతానం లేని వితంతువు. మేనత్త అయినా, చంద్రావతి ఆమెను తల్లిని పిలిచినట్లు "అవ్వా" అనే పిలిచేది. కన్నతల్లి పేరు ఆ ఇంట్లో నేను ఎన్నడూ వినలేదు.

ఆదివారం నేను సాయంకాలపు ఆరాధన మానుకొని అమీర్‌పేట వెళ్లాను. ఇంటివారందరూ బోనం ఎత్తుకొని బల్కంపేట పోయారు. పిల్లను జనంలోకి తీసుకుపోలేక పోశవ్వ ఇంట్లో ఉండిపోయింది. మధ్యాహ్నం పట్టిన మబ్బు విడవలేదు. ఇంకా పొద్దు గుంకలేదు గాని, సందులో ఎదుటి గోడ కనబడనంత చీకటి కమ్మింది. దూరాన డప్పులు వర్షంలో తడిసి, మెత్తగా, అడుగున ఎక్కడో మోగుతున్నాయి.

దుకాణంలో కొత్త ఖాకీ వాసన, మిషను నూనె వాసన, తడిసిన మట్టిగోడ వాసన కలిసి ఉన్నాయి. కిటికీ కింద మిషన్లు మూతలు వేసుకొని వరుసగా ఉన్నాయి. ఎదుటి గోడ వెంట కత్తిరింపు బల్ల. దాని కింద, ఖాకీ ముక్కల కుప్ప పక్కన చంద్రావతి కూర్చుని ఉంది. నేను లోపలికి రాగానే ఆమె చూపు నా పాదాలను అనుసరించింది.

పోశవ్వ గూటిలో చిమ్నీ దీపం వెలిగించింది. నేను ఒక మిషను ముందున్న ముక్కాలిపీట మీద కూర్చున్నాను. చెప్పులు గడప దగ్గరే విడిచాను. మిషను తొక్కుడుపలక ఇనుము అరికాళ్లకు చల్లగా తగిలింది.

"ఈ పిల్ల తల్లి ఎట్లా పోయింది?" అని అడిగాను.

పోశవ్వ ఉలిక్కిపడి బల్ల కిందికి చూసింది. నా దగ్గరికి జరిగి గుసగుసగా అన్నది. "గా ముచ్చట ఎత్తకుండ్రి. దానికి తెల్వదు."

"ఏమి తెలియదు?"

"తల్లి సచ్చిందని. నేనే తల్లిననుకుంటది."

బయట చూరునీళ్లు ధారగా పడుతున్నాయి. పోశవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, వాన చప్పుడు చాటున, తెంపులు తెంపులుగా చెప్పింది. నాకు అర్థమైన క్రమంలో దానిని చెబుతాను.

పిల్ల తల్లి పేరు రుద్రమ్మ. నేతగాళ్లు మగ్గం ముందు నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించి కూర్చుని, అడుగున ఉన్న కర్రలను తొక్కుతూ నేస్తారు. పసిపిల్లలు నూలు మీదికి పాకి దారాలు తెంపకుండా, ఆ ఇండ్లలో ఒక పద్ధతి ఉండేది. బిడ్డను గుంతలోనే ఒక మూల గోనెపట్ట మీద కూర్చోబెట్టేవారు. బిడ్డ మణికట్టుకు ఒక నూలుపోగు కట్టి, రెండో కొస తల్లి బొటనవేలికి ముడివేసేవారు. తల్లి కాలు ఆడినప్పుడల్లా దారం లాగుతుంది. ఆ లాగుడు ఉన్నంతసేపూ బిడ్డ ఏడవదు. తల్లి ముఖం కనబడకపోయినా తల్లి ఉన్నదని దానికి తెలుసు. చంద్రావతికి అప్పటికి రెండేండ్లు నిండలేదు.

రుద్రమ్మకు జ్వరం. పండుగ చీరలు అందించాలని జ్వరంతోనే మగ్గం ఎక్కింది. రాజమల్లు ఊళ్లో లేడు.

"పొద్దుగూకంగ నేను పోయిన. బయటికి కర్రల సప్పుడు ఇనవడుతున్నది. టక్కు... టక్కు... అని. నేస్తున్నది, నయమైందనుకున్న. లోపల చూస్తే... బట్ట మీద తల పెట్టి ఒరిగున్నది. ముట్టుకుంటే మంచు లెక్క ఉన్నది పంతులమ్మా. ఎప్పుడు పోయిందో ఏమో."

"మరి చప్పుడు?"

పోశవ్వ నా మోకాలు పట్టుకొంది.

"పోరి దారం గుంజుతున్నది. తల్లి కాలు ఆగింది గద... అందుకని అదే గుంజుతున్నది. గుంజినప్పుడల్లా సచ్చిన కాలు కదిలి, కర్ర మీద పడుతున్నది."



ఇరుగుపొరుగు వచ్చారు. బిడ్డ బెదరకూడదన్నారు. పెద్దలు ఆలోచించి తమకు తోచిన దయ చూపారు. చచ్చిన వేలినుంచి దారం విప్పి పోశవ్వ వేలికి కట్టారు. రుద్రమ్మను వెనుకదారిన తీసుకుపోతుండగా పోశవ్వ ఆమె చోట కూర్చుని, గుంతలోకి కాళ్లు దించి, మగ్గం నేసింది. పాడె ఊరు దాటేవరకు నేసింది.

"పోరి ఒక్క పారి సుత ఏడ్వలే. నా కాళ్లనే చూసుకుంట కూసున్నది. అందరు బంగారు పిల్ల అన్నరు."

బల్ల కింద ఖాకీ ముక్కలు గరగరమన్నాయి.

పోశవ్వ చెప్పినది నాకు స్పష్టంగా బోధపడింది. ఆ రెండేండ్ల పిల్ల మోసపోలేదు. కాళ్లు మారడం చూసింది. మారలేదని లోకమంతా ఒక్కమాటగా చెప్పింది. ఏడవడానికి తావు లేక ఆమె ఆ గుంతలోనే ఉండిపోయింది. పన్నెండేండ్ల తరువాత గది మూల చాప మీద ఒంటరిగా కూర్చోబెట్టినప్పుడు, ఆ పసిబిడ్డ మళ్లీ కళ్లు తెరిచింది.

"పోశవ్వా, ఇప్పుడే వెళ్లి దానికి నిజం చెప్పు."

"నా వల్ల కాదు. చెప్తే మల్ల నన్ను అవ్వా అంటదా?"

"రేపు తెల్లవారితే దాని అరికాళ్లు కాలుస్తారు."

ఆమె కొంగు నడుముకు చుట్టి, మోకాళ్ల మీద వంగి, బల్ల కిందికి పాకింది. నేను కూర్చున్నచోటికి ఆమె వీపు మాత్రమే కనబడుతున్నది. గుసగుస వినబడింది.

"బిడ్డా... నేను నిన్ను కనలే... నిన్ను కన్నది రుద్రమ్మ..."

వాన గాలి కిటికీ రెక్కను విసిరికొట్టింది. దీపం ఆరిపోయింది.

చీకటి. మట్టివాసన ఒక్కసారిగా ఎక్కువైంది. తడిసిన గోడ వాసన కాదు. లోతైన చోట, ఎండ ఎరగని మన్ను వాసన. దానిలో నూలుకు పెట్టే గంజి వాసన.

పోశవ్వ గుసగుస ఆగలేదు. "...ఆ కాళ్లు ఆమెవి కావు బిడ్డా. నావి. అందరం అబద్ధమాడినం..."

అప్పుడు నా కుడి బొటనవేలికి ఏదో తగిలింది.

వేళ్లు. చిన్నవి. తడిగా ఉన్నాయి.

చంద్రావతి పాకి వచ్చిందనుకొన్నాను. ఆమె పాత అలవాటే కదా అనుకొన్నాను. వేలి చుట్టూ ఒక దారం తిరిగింది. ఇంకొక చుట్టు... బిగిసింది.

"చంద్రావతీ, విడువు," అన్నాను మెల్లగా.

జవాబు గది అవతలి మూలనుంచి వచ్చింది. ఏడుపుతో పూడుకుపోయిన గొంతు. ఆ పిల్ల ఏడుపును నేను వినడం అదే మొదటిసారి.

"నేను ఈడ ఉన్న పంతులమ్మా... అవ్వ ఒడిల ఉన్న."

మెరుపు మెరిసింది. బల్ల కింద ఇద్దరూ కనబడ్డారు. పోశవ్వ ఒడిలో చంద్రావతి తల, ఆమె రెండు చేతులూ పోశవ్వ మెడ చుట్టూ. నా కాలినుంచి ఒక తెల్లని పోగు మిషను కిందుగా సాగి, గోడమూల చీకట్లోకి బిగుతుగా పోయి ఉంది.

మళ్లీ చీకటి.

దారం లాగింది.

నా కాలు కదిలి తొక్కుడుపలక మీద పడింది. టక్కు.

ఆగింది... ఎదురుచూసింది... మళ్లీ లాగింది. టక్కు.

బల్ల కింద చంద్రావతి ఏడుపు నిలిచిపోయింది. ఖాకీ ముక్కలు మళ్లీ గరగరమన్నాయి. ఆమె లేస్తున్నది.

"అది నన్నే పిలుస్తున్నది," అన్నది. అది పద్నాలుగేండ్ల పిల్ల గొంతులా లేదు.

"పోకు బిడ్డా!" అన్నది పోశవ్వ. చీర చిరిగిన చప్పుడు. "పంతులమ్మా, పట్టుకుండ్రి, గుంజుకుంటున్నది..."

లేచి పట్టుకోవాలని నాకు తోచలేదు. తోచినది వేరు. అది పిలుస్తున్నది చంద్రావతిని కాదు. అది ఎవరినీ పేరు పెట్టి పిలవదు. ఒక కాలు జవాబివ్వాలని లాగుతున్నది... అంతే.

నేను కాలు కదిపాను.

నా అంతట నేనే కదిపాను. ఒకసారి, మరొకసారి. మూత కింద మిషను చక్రం తిరిగింది. దారం బిగిసి సడలింది, బిగిసి సడలింది. మూలనుంచి చిన్న నిట్టూర్పు వినబడింది. పాలు తాగి ఆగిన బిడ్డ విడిచే ఊపిరి అది. ఆ తరువాత లాగుడు లేదు.

చంద్రావతి కూలబడి బిగ్గరగా ఏడ్చింది. చిన్నపిల్లలు ఏడ్చే తీరుగా నోరు తెరిచి ఏడ్చింది. "అవ్వా... అవ్వా..." ఏ అవ్వను పిలుస్తున్నదో నేను చెప్పలేను. ఒడిలోకి తీసుకొన్నది మాత్రం పోశవ్వ.

దీపం వెలిగించి చూశాము. నా బొటనవేలికి దారం ఉంది. ఆ దుకాణంలో ఖాకీ దారం తప్ప మరొకటి లేదు. ఇది రంగు వేయని పాత నూలు, గంజి పెట్టినది. పోశవ్వ వంగి ముడి చూసింది. చాలాసేపు చూసింది.

"నేత ముడి. నేనెయ్యలే," అన్నది.

కత్తెరతో తెంపింది. రెండో కొస నాచేతికి వచ్చింది. పసిపిల్ల నోట్లో నమిలినట్లు అది తడిసి, నలిగి ఉంది.

బోనాలనుంచి తిరిగివచ్చిన రాజమల్లు, బిడ్డ కంచం ముందు కూర్చుని అన్నం తింటుండగా చూసి గడపలోనే నిలబడిపోయాడు. సోమవారం బండి కదలలేదు. అయితే అతడు నాతో చాలాకాలం సరిగా మాట్లాడలేదు. రుద్రమ్మ పేరు బయటపెట్టించినందుకు నన్ను క్షమించడానికి అతనికి వ్యవధి పట్టింది. చంద్రావతి కొన్ని నెలలు ఏడ్చింది, అలిగింది, పోశవ్వను నానామాటలూ అన్నది. పోశవ్వ పడింది. "తిట్టనియ్యిండ్రి పంతులమ్మా, నోరు తెరిచింది గద," అనేది. మెల్లగా ఆ పిల్ల మనుషుల ముఖాలు చూడడం నేర్చుకొంది. చదువు ముగించింది. పెండ్లి చేసుకొంది.

బోనాల మరునాటి సాయంత్రం, పంజగుట్టలో నా ఇంట్లో, దీపం వెలిగించి ఈ బల్ల ముందు కూర్చున్నాను. ఏదో చదువుకొంటున్నాను.

కుడి బొటనవేలు లాగింది.

దారం ఏమీ లేదు. వంగి చూశాను. బల్ల కింద నీడ తప్ప ఏమీ లేదు. మళ్లీ లాగింది... ఆగి, ఎదురుచూసింది. నేను కాలు కదిపాను. నిట్టూర్పు వినబడింది. అప్పటినుంచి ప్రతి సాయంత్రం ఆ వేళకు ఇక్కడ కూర్చుంటున్నాను. నేను కూర్చోకపోతే అది ఎవరిని వెతుక్కొంటూ పోతుందో నాకు తెలుసు. ఈ సంగతి చంద్రావతికి చెప్పలేదు. దానికి అలవాటు పడ్డానని కూడా ఒప్పుకోవాలి. అది చంద్రావతి గుంతలో విడిచివచ్చిన పసితనమని నాకు నేను చెప్పుకొనేదానను.

మొన్న వర్షాకాలంలో చంద్రావతి తన కూతురిని తీసుకొని వచ్చింది. ఆ బిడ్డ మాటలు నేర్చి ఎన్నాళ్లో కాలేదు. మేమిద్దరం వాకిట్లో మాట్లాడుతుంటే లోపలికి పోయి, బల్ల కింద చాలాసేపు ఆడుకొంది. ఎవరితోనో మాట్లాడుతున్నట్లు నవ్వింది. తరువాత తల్లి దగ్గరికి వచ్చి చీర కుచ్చెళ్లు పట్టుకొంది.

"అవ్వా, ఆడ ఇద్దరున్నరు."

"ఎవరే? పిల్లులా?" అని నవ్వింది చంద్రావతి.

"కాదు. పాపలు."

నేను వివరం అడగలేదు. చీకటిపడకముందే వారిని పంపివేశాను.

దీపం వెలిగించాను. కుర్చీలో కూర్చున్నాను. కుడి బొటనవేలు లాగింది. కదిపాను. నిట్టూర్పు వినబడింది. ఇక లేవవచ్చుననుకొన్నాను.

అప్పుడు ఎడమకాలిని ఏవో వేళ్లు తాకాయి. మొదటివాటికంటె చిన్నవి, కరవునాటి పసికందు వేళ్లలా, ఎముకలు మాత్రమే మిగిలినంత సన్ననివి. ఏ నేతగాడి ఇంటా పుట్టినవి కావు. నా బొటనవేలి చుట్టూ దారం తిప్పుతున్నాయి... జారవిడుస్తున్నాయి... మళ్లీ తిప్పుతున్నాయి.

ముడివేయడం వాటికి ఎవరూ నేర్పలేదు.